ఏడు రూపాయల కొలువు

తెలుగునేల పదునెనిమిదవ శతాబ్దిలో ఒక ప్రభువు చేతినుండి మరియొక ప్రభువు చేతికి పోయిన తీరును ఓపికతో విచారించినచో, యుద్ధములకంటె జీతపు బాకీలే అందు ఎక్కువ పని చేసినట్లు తోచును. చందుర్తి యుద్ధమును మనము పాఠశాలలో చదువుకొంటిమి. బొబ్బిలి కథను కథకుల నోట విని కంట నీరు పెట్టుకొంటిమి. కాని ఆ రణరంగములలో తుపాకి పట్టిన మనుష్యునకు నెల తిరుగునప్పటికి జీతమెవ్వరిచ్చిరి, ఎంత యిచ్చిరి, ఇయ్యనినాడు అతడేమి చేసెను, ముసలివాడై యింటికి మరలినప్పుడు అతని కొంగున మిగిలినదేమి అని అడిగినవారు మనలో అరుదు. ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కుట, దత్తమండలములు ఇంగ్లీషువారి పాలగుట, బీరారు నిజాము చేయి జారుట, ఈ మూడును సైనికుల జీతము పేరిట జరిగిన బదిలీలే. అంత పెద్ద పేరుతో చేతులు మారిన ధనములో సైనికునకు ముట్టినదెంత అనునదే యిచ్చట విచారింపవలసిన విషయము.

సలాబత్ జంగును దక్కను గద్దెపై కూర్చుండబెట్టి, తన పటాలముల బలముచేతనే అతనిని నిలబెట్టుచుండిన ఫ్రెంచి సేనాని బుస్సీ, 1753లో జబ్బుపడి బందరు చేరి విశ్రాంతి గొనుచుండెను. ఫ్రెంచివారిని ఎట్లయినను వదిలించుకొనవలెనని చూచుచుండిన దివాను సయ్యద్ లష్కర్ ఖానునకు ఇది మంచి అదనుగా కనబడెను. అతడు కత్తి దూయలేదు; జీతములు ఆపెను. బాకీలు పేరుకొన్న సైన్యము తనంతట తానే చీలిపోవునని అతని యూహ, ఆ యూహ తప్పును కాదు. అయితే బుస్సీ కోలుకొని తిరిగి వచ్చి, ఔరంగాబాదులో దర్బారును కలిసి, నెలనెలకు నగదు కొరకు దివానుల గుమ్మములు తొక్కుట మా వలన గాదు, సైన్యపు ఖర్చునకు సరిపడు భూమి రాబడినే మాకు వ్రాసి యిమ్మని పట్టుబట్టెను. ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులు నాలుగును ఆ యేడే ఫ్రెంచివారి యధీనమాయెను. కృష్ణకు ఉత్తరమున సముద్రతీరమంతయు ఒక సైన్యపు జీతపు బత్తెములకు జామీనుగా పోయినదన్నమాట. ఆ తీరమున నాగలి పట్టిన రైతునకు తన సిస్తు ఇకమీదట ఏ యూరి సిపాయి జీతమునకు పోవునో తెలియకుండెను. తెలిసినను చేయగలిగినదేమియు లేదు.

అయిదేండ్లు గడచినవో లేదో ఆ లెక్క తలక్రిందులాయెను. విజయనగర ప్రభువు ఆనంద గజపతి రాజు ఫ్రెంచివారిపై తిరుగబడి, బంగాళానుండి ఇంగ్లీషువారిని పిలిపించినప్పుడు, కర్నల్ ఫోర్డుతో కుదిరిన ఒడంబడికలో ముఖ్యాంశము వ్యూహము గాదు, ఖర్చు: సైన్యపు వ్యయమునకు నెలకు 50,000 రూపాయలు రాజుగారు భరించవలెను. 1758 డిసెంబరులో చందుర్తివద్ద జయము లభించినది; సొమ్ము మాత్రము లభింపలేదు. రాజుగారు నేడు రేపనుచుండగా ఫోర్డు విలువైన వారములు పోగొట్టుకొనెను. తుదకు 1759 మార్చిలో బందరు కోటను ముట్టడించియున్న సమయమున, ఎదుట ఫ్రెంచివారును, వెనుక సలాబత్ జంగు దండును ఉండగా, ఫోర్డు వద్దనున్న తెల్ల సోల్జర్లే తుపాకులు పట్టి తిరుగబడి, మా బాకీలు, మా కొల్లధనము సంగతి తేల్చిన గాని కదలమనిరి. కోట చిక్కినచో అందలి కొల్లధనము విషయమున వారి పక్షమున మాటలాడెదనని ఫోర్డు వాగ్దానము చేసిన పిమ్మటనే వారు మెత్తబడిరి. ఏప్రిలులో ఒక రాత్రి వారు కోటపైకెక్కి, తమకంటె సంఖ్యలో మించిన సైన్యమును లొంగదీసిరి. దీనిని శౌర్యమనవచ్చును, శౌర్యమే. కాని గోడ కావలివైపున జీతమున్నదను నమ్మకము ఆ నిచ్చెనలకు ఎంత బలమిచ్చెనో చరిత్రకారులు తూచి చూపిన పాటి లేదు.

హైదరాబాదులో 1798లో జరిగినది ఇంకను విచిత్రము. నిజాం అలీ కొలువులో రేమాండు అను ఫ్రెంచి సేనాని పదివేలకు పైబడిన సిపాయిలను పెంచి, కవాతు నేర్పి, తోపులు పోతపోయించి ఇంగ్లీషువారికి నిద్ర లేకుండ చేసినవాడు. మూసీ దక్షిణమున గుట్టమీద నేటికిని అతని సమాధి యున్నది. జనులతనిని మూసారాం అనిరి, ముసారాంబాగు అను పేట అతని పేరిటిదే. ఆ యేడు మార్చిలో అతడు మరణించెను. సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఇంగ్లీషువారితో సంధి చేసికొని, వారి సహాయక సైన్యపు ఖర్చునకు సంవత్సరమునకు 24,17,100 రూపాయలు చెల్లించుటకును, ఫ్రెంచి దండును రద్దుచేయుటకును ఒప్పుకొనెను. పదివేల సాయుధులను రద్దుచేయుట కాగితముమీద సులభము. అక్టోబరులో ఆ పనికి పూనుకొన్నప్పుడు, దండు రద్దగుచున్నదని విన్న సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించి, పాత బాకీలు చెల్లించుమని కూర్చుండిరి. నిజాము ఫర్మానా చదువబోయిన మాల్కం అను యువక దొరను కూడ గుమికూడి పట్టుకొనిరి. మునుపు మద్రాసు సైన్యములో అతని క్రింద పనిచేసి యీ కొలువునకు పారిపోయి వచ్చిన సిపాయిలు కొందరు ముఖము గుర్తుపట్టి తప్పించిరట. మరునాడు ఇంగ్లీషు తోపులు చుట్టుకొన్నవి. బాకీలు తీర్చెదమన్న మాట వినబడినది. ఆయుధములు నేలపై పడినవి. దక్కనులో ఫ్రెంచివారి ప్రాబల్యము ఆనాటితో ముగిసెను, అందుకొరకు ఒక్క యుద్ధమైనను జరుగలేదు.

రెండేండ్లు తిరుగకుండ, 1800 అక్టోబరు 12న, ఆ సహాయక సైన్యపు జీతములు ఏటేట నగదుగా ఇచ్చుటకు బదులు శాశ్వతముగా భూమినే ఇచ్చివేయు సంధి కుదిరినది. టిప్పూ సుల్తానువద్దనుండి తన వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను నిజాము అట్లే ఇంగ్లీషువారి పరముచేసెను. థామస్ మన్రో వచ్చి ఏడేండ్లు ఆ సీమలో సిస్తులు కట్టించెను. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అను పేరు పెట్టువరకు, ఆ నేలకు జీతపు లెక్కలో వచ్చిన దత్తమండలములను పేరే చెలామణి యాయెను. ఇక హైదరాబాదు కంటింజెంటు అను మరియొక సైన్యమునకు జీతములిచ్చుటకై నిజాము మంత్రి చందూలాలు కాలమున పామరు కంపెనీవద్ద తెచ్చిన అప్పులు, వాటి వడ్డీలు, ఆ వడ్డీలపై లండనులో జరిగిన రచ్చ పెద్ద కథ. దాని కొస 1853లో తేలినది. నలుబది లక్షలు దాటిన బాకీ క్రింద డల్హౌసీ బీరారును వ్రాయించుకొనెను. నిజాము నసీరుద్దౌలా ఆ సైన్యమును తన అవసరమునకు పిలిచినదెన్నిసార్లో, దానికి చెల్లించినదెన్ని లక్షలో పోల్చి చూచినవారికి, అద్దె యింటిలో కాపురముండువాడు యజమానికే అద్దె విధించిన చందము కనబడక మానదు.

ఇంతకు ఆ జీతము తినువాడెవ్వడు?

మద్రాసు సైన్యములో కాలిబంటు సిపాయికి పందొమ్మిదవ శతాబ్దిలో నెలజీతము 7 రూపాయలు. 1818లో రూపాయి ప్రమాణ నాణెమగువరకు మద్రాసు లెక్కలు వరహాలలో సాగెడివి. వరహా మూడున్నర రూపాయల మారకమున అది సరిగా రెండు వరహాల కొలువు. ఈ రెండు వరహాలలోనుండియే అతడు తిండి తినవలెను. పటాలపు లైన్లలో గుడిసె తానే వేసికొనవలెను, అందులకు సర్కారు వారు ఇచ్చు గుడిసె సొమ్ము వెదురులకును తాటాకులకును చాలిన చాలును, లేకున్న లేదు. ఉడుపులలో కొన్నింటి వెల నెలనెల అతని జీతమునుండి కోయబడెడిది. బియ్యపు ధర మరీ మండినప్పుడు కొంత పరిహారమిచ్చెడివారు. దండు కదలినప్పుడు బత్తెము అధికముగా దొరకెడిది. అందుచేతనే యుద్ధమనగా కొందరు సిపాయిలకు భయముతోపాటు కాసంత ఆశ కూడ కలిగెడిది. వంగదేశపు సిపాయి తన కుటుంబమును ఊరిలో విడిచి యొంటిగా కొలువు చేసెడివాడు. మద్రాసు సిపాయి అట్లు గాదు. ఆలుబిడ్డలు, ముసలి తల్లి, విధవరాలైన అక్క, అందరును పటాలము వెంట నడచెడివారు. వేలూరునుండి సికిందరాబాదునకు, సికిందరాబాదునుండి విజయనగరపు కంటోన్మెంటునకు బదిలీ వచ్చినదనగా ఒక చిన్న గ్రామమే లేచి బండ్లమీదను, కాలినడకను కదలినట్లుండెడిది. ఆ బండి బాడుగ కూడ ఆ యేడు రూపాయలలోనిదే.

ఈ కుటుంబ బంధమును మద్రాసు సర్కారు తెలివిగా గుర్తించినది. పటాలములోనే పుట్టి పెరిగిన పిల్లలను రిక్రూటు కుర్రవాండ్రుగా తక్కువ జీతముపై చేర్చుకొని, కవాతు నేర్పి, ఈడు వచ్చినంత సిపాయిల వరుసలో నిలుపు వాడుక యుండెను. యుద్ధములో తండ్రి పోయిన పిల్లవానికి పింఛను కుర్రవాడను పేరిట ఇట్టి యాదరువే కల్పించెడివారు. తండ్రి పోయిన యింటిలో పదేండ్ల పిల్లవాడు నెలకు తెచ్చు ఆ రెండు మూడు రూపాయలే గంజికి ఆధారమగుట ఊహింపరాని సంగతి గాదు. సముద్రము దాటి బర్మాకో మరొక చోటికో పోవు సిపాయి తన జీతములో కొంత భాగమును ఇంటివారికి ముట్టునట్లు వ్రాయించుకొను పత్రముల పద్ధతియు నుండెను. కంపెనీ దొరల పరిపాలనలో నిజముగా మెచ్చుకొనదగిన ఏర్పాటులేవని నన్నడిగినచో, నేను వారి కోటలను చూపను. ఈ పత్రములను చూపెదను.

హోదాల మెట్లు అయిదు: సిపాయి, నాయకు, హవల్దారు, జమాదారు, సుబేదారు. శతాబ్ది నడుమ బంగాళా సైన్యపు లెక్కలలో నాయకునకు 12, హవల్దారునకు 14, జమాదారునకు 24, సుబేదారునకు 67 రూపాయలు. మద్రాసులో అంకెలు కొంత తేడాగా నుండెడివి. ఈ మెట్లెక్కుట యోగ్యతకంటె వయస్సును బట్టి జరిగెడిది గనుక, సుబేదారగు నాటికి మీసము తెల్లబడి కన్ను మసకబారెడిది. మొదటి రోజులలో దేశీయునకు ఇంతకంటె ఎత్తైన పీట లేకపోలేదు. సిపాయిలకెల్ల కమాండెంటైన యూసఫ్ ఖాను తోపులతో కోటలు పట్టినవాడు, అతనిని 1764లో మధురలో ఉరితీసిన పిమ్మట అంతటి అధికారము దేశీయునకు మరల దక్కలేదు. నలువదేండ్లు కొలువు చేసిన సుబేదారు కూడ నిన్న ఓడ దిగిన పదునెనిమిదేండ్ల తెల్ల పిల్లవానికి సలాము చేయవలసినదే. ఈ లోపమును కప్పుటకు 1837లో రెండు బిరుదములు కల్పించిరి. ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా దేశీయాధికారులకు. మొదటి తరగతివానికి దినమునకు 2 రూపాయలు, రెండవ తరగతివానికి 1 రూపాయి అదనము. ఆర్డర్ ఆఫ్ మెరిట్ శౌర్యమునకు. అందులో తరగతిని బట్టి జీతములో మూడవ వంతు, రెండు వంతులు, సంపూర్ణ జీతము అదనముగా వచ్చెడివి. నిరపరాధముగా పదునారేండ్లు పనిచేసిన సిపాయికి నెలకొక రూపాయి, ఇరువదేండ్లకు మరియొక రూపాయి పెంచు నియమమును ఆ కాలముననే వచ్చినది.

తెల్లదొరల సంగతి వేరు. 1766లో క్లైవు బంగాళాలో రెట్టింపు బత్తెమును తీసివేసినప్పుడు, మోంఘీరు మొదలుగాగల దండులలో అధికారులు కూడబలుకుకొని ఒక్కుమ్మడిగా రాజీనామాలు చేతబట్టిరి. ఆ క్లైవే, మీర్ జాఫరు తనకు విడిచిన 5 లక్షల రూపాయలతో, వికలాంగులై పనికిరాని తెల్ల సైనికులకును వారి విధవలకును ఒక నిధి నెలకొల్పెను. సిపాయికి అందులో పాలు లేదు. కంపెనీ సైన్యము రాణిగారి సైన్యమైన తరువాత ఆ మూలధనమును క్లైవు వారసులు వ్యాజ్యమాడి తిరిగి పుచ్చుకొనిరి. 1796 నిబంధనలలో సెలవుతో కలిపి ఇరువదియైదేండ్లు పనిచేసిన అధికారికి తన హోదా జీతముతోనే స్వదేశమున విశ్రాంతి లభించెను.

అయినను వారు తృప్తి పొందలేదనుటకు 1809 నాటి బందరే సాక్షి. పటాలపు అధిపతికి డేరాల నిమిత్తము యుద్ధకాలమున గాని శాంతికాలమున గాని ఒకే మొత్తమిచ్చు గుత్త పద్ధతి యొకటి యుండెను. డేరాలు కొనకున్నను సొమ్ము చేతికి వచ్చుచుండుటచేత, శాంతికాలములో అది అధిపతికి మిగులుబాటు. క్వార్టర్ మాస్టర్ జనరలు జాన్ మన్రో ఈ లోపమును ఎత్తిచూపి నివేదిక వ్రాయగా, 1808లో గుత్త రద్దాయెను. మద్రాసు గవర్నరు సర్ జార్జి బార్లో పొదుపులో గట్టివాడు, మాటలో పెళుసువాడు. అధికారులలో అసంతృప్తి దావానలమువలె ప్రాకెను. సేనాధిపతి మెక్‌డోవెల్ వారి పక్షము పలికి, రాజీనామా చేసి ఓడ ఎక్కెను; ఆ ఓడ సముద్రములో మునిగి మరల కానరాలేదు. జూన్ 25న బందరు కోటలో యూరోపియను రెజిమెంటు అధికారులు తమ అధిపతి కర్నల్ ఇన్నెసును నిర్బంధించి కోటను తమ వశము చేసికొనిరి. సికిందరాబాదు, జాల్నా దండులు వారితో చేతులు కలుపజూచెను. మద్రాసుపైకి నడువవలెనను మాటయు పుట్టెను. జూలై మొదట బందరునకు సర్ది చెప్పుటకు వచ్చినది ఎవ్వరనుకొన్నారు? పదునొకండేండ్ల క్రిందట హైదరాబాదులో బాకీల సిపాయిల చేతికి చిక్కిన ఆ మాల్కమే. ఆగస్టునాటికి అధికారులు లొంగిపోయిరి; కొందరికి ఉద్యోగములు పోయినవి, అనేకులకు క్షమాపణ దొరకినది. రక్తము చిందినది మాత్రము శ్రీరంగపట్టణము వద్ద. తమ దొరలు నడిపింపగా చిత్రదుర్గమునుండి నడచివచ్చిన సిపాయిలపై సర్కారు గుఱ్ఱపుదళము పడినది. డేరాల గుత్తలో ఒక్క కాసు లాభమెరుగని వారు ఆ గుత్త కొరకు నేలకూలిరి.

సిపాయి నోరు విప్పినప్పుడు సర్కారు చెవి అంత మెత్తగా లేదు. 1780 అక్టోబరులో హైదరలీ మీదికి పోవుటకై ఓడ ఎక్కుమనగా, సర్కారు సిపాయిలు విశాఖపట్నములో ఎదురుతిరిగి తెల్లవారిని కొందరిని కాల్చి చంపిరి. ఆలుబిడ్డలను ఒడ్డున విడిచి సముద్రమున పోవుటకు వారు ఒప్పుకొనలేదు. 1844లో 47వ మద్రాసు పటాలపు కథ ఇంతకంటె న్యాయమైనది. బర్మాకని బయలుదేరిన ఆ పటాలమును సింధుకు మళ్లించుచు, అచ్చటను బర్మా రేటుననే బత్తెములు ముట్టునని మద్రాసు గవర్నరు ట్వీడేలు ప్రభువు మాట యిచ్చెను. ఆ మాట చెల్లదని కలకత్తా వారు త్రోసివేసిరి. ఇంటికి వ్రాసి యిచ్చిన సొమ్ము పోగా చేతికి మిగిలిన దానితో కడుపు నిండదని బొంబాయిలో సిపాయిలు కవాతు మైదానముననే మొరపెట్టుకొనిరి. కొంత సొమ్ము బయానాగా పంచిపెట్టిన తరువాత అలజడి అణగినది, శిక్షలును తప్పలేదు. మాట తప్పినవారెవ్వరో, శిక్ష ననుభవించినవారెవ్వరో పాఠకులే చూచుకొనవచ్చును.

ఇక పింఛను. కంపెనీ సైన్యములో పదునైదేండ్లు నిండి, దేహము పనికిరాదని డాక్టరు తేల్చినచో సిపాయికి నెలకు 4 రూపాయలు. ఆ డాక్టరు చీటీయే సర్వస్వము. దేహము బాగుగ నున్నవాడు ఇంకను మోయవలసినదే, చెడినవాడు చెడినట్లు రుజువు చేసికొనవలసినదే. అయినను ఈ నాలుగు రూపాయలను చులకన చేయరాదు. దేశీయ సంస్థానములలో ఆరేడు నెలల బాకీలు సామాన్యమైన కాలమున, ఖజానాలో తప్పక దొరకు నాలుగు రూపాయలు చిన్న భూవసతితో సమానము; పింఛనుదారునకు ఊరిలో అప్పు పుట్టెడిది, కూతునకు సంబంధము దొరకెడిది. కంపెనీ పట్ల సిపాయి విశ్వాసమునకు మూలము జెండా గాదు, ఈ తప్పని తేదీయే యని నా నమ్మకము.

తెలుగు సిపాయిలకు ఒకప్పుడు గొప్ప పేరుండెను. మద్రాసునుండి క్లైవు వెంట బంగాళాకు పోయిన పటాలములను చూచి, అచ్చటి జనులు పిమ్మట కంపెనీ సిపాయినెల్ల తిలంగా యనిరి. ఆ పేరు నిలిచినది గాని కొలువు నిలువలేదు. 1881 నుండి 1885 వరకు మద్రాసు సేనాధిపతియైన రాబర్ట్సు, దక్షిణాదివారిలో యుద్ధశక్తి ఉడిగిపోయినదని తీర్మానించి, ఉత్తరాది జాతులపై మొగ్గు చూపెను. దండులు ఒక్కొక్కటిగా తగ్గినవి, తెలుగువారిని చేర్చుకొనుట సన్నగిలినది. నూరేండ్లకు చేరువగా కదలక నిలిచిన ఆ యేడు రూపాయల జీతమును 1895లో తొమ్మిది రూపాయలు చేసిరి. ఆ యేటి ఏప్రిలు 1వ తేదీననే మద్రాసు సైన్యము ప్రత్యేక సైన్యముగా రద్దాయెను.